నూట ముప్పై ఏడో పిందె

ధర్మవరం చూడాలనుకునేవారు ధర్మవరం స్టేషన్లో రైలు దిగాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు డెబ్బై ఒక్క ఏళ్లు పట్టింది కాబట్టి, ఇంకా వెళ్లనివారి కోసం ముందుగానే రాసిపెడుతున్నాను.

ధర్మవరం, మొదటిసారి

అక్టోబరు తొమ్మిది, గురువారం. పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు రైలు ధర్మవరంలో ఆగింది. నా టిక్కెట్టు అక్కడిదాకే. భుజాన బట్టల సంచి, ఒడిలో ఒక అట్టపెట్టె, కాళ్లకు చెప్పులు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రైలు ఆగినంతసేపూ అలాగే సిద్ధంగా కూర్చున్నాను. రైలు కదిలింది. నేనూ దానితోపాటే కదిలాను.

అట్టపెట్టెలో ఉన్నది వంగపండు రంగు పట్టుచీర. మామిడి పిందెల అంచు. జూన్‌లో విజయవాడలో ఒక దుకాణంలో నా కోసం నేనే కొనుక్కున్నాను. తెనాలిలో ఒక అచ్చాఫీసులో ముప్పై మూడేళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని. చేతికి ఏది వచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చూస్తేగాని కింద పెట్టలేను. చీరకు అక్షరాలు ఉండవు కాబట్టి పిందెలు లెక్కపెట్టాను. ఒక్కో అంచుకు రెండు వందల పన్నెండు. కొంగు వైపు నుంచి లెక్కపెడితే నూట ముప్పై ఏడో పిందె మిగతావాటి కంటే ఒక పోగు పొట్టి. ఎదుటి అంచులో కూడా సరిగ్గా అదే చోట, అంతే పొట్టి.

దుకాణంలో అడిగితే, "అది దిష్టిచుక్క లాంటిదమ్మా, కావాలనే పెడతారు" అన్నాడు గుమాస్తా. ముప్పై మూడేళ్లలో అచ్చుతప్పును దిష్టిచుక్క అన్న రచయితను ఒక్కణ్ణీ చూడలేదు. ఇంటికి వచ్చి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మూడో పేజీలో పట్టిక. చీర మార్చి ఇస్తామన్నారు. మార్చవద్దు, తప్పు ఒప్పుకోండి చాలన్నాను. అది జులైలో.

సెప్టెంబరు ఇరవై రెండున నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "అవ్వా, నమస్తే. నా పేరు శైలజ, ధర్మవరం, డిగ్రీ మూడో సంవత్సరం. మీ చీర నేసింది మా నాయన ఓబులేసు. మీ ఉత్తరం దుకాణం నుంచి మా షావుకారుకు వచ్చింది. అప్పటి నుంచి ఆయన మాకు వార్పు ఇవ్వడం లేదు. రెండు నెలలుగా మగ్గం ఖాళీ. మేము మిమ్మల్ని ఏమీ అనడం లేదు. నూట ముప్పై ఏడో పిందె ఫోటో పంపిస్తారా? నాయన చూడాలంటున్నాడు."

వార్పు అంటే మగ్గానికి ఎక్కించే పట్టు పడుగు. అది షావుకారు ఇస్తేనే నేతగాడికి పని. ఆ సందేశంలో తప్పులు వెతికాను. ఒక్కటీ లేదు. అందువల్ల ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ఫోటో పంపలేదు. అక్టోబరు తొమ్మిదిన నేనే వస్తానని జవాబిచ్చాను. చీరతో సహా నేనే వెళ్లి షావుకారుతో మాట్లాడి, ఆ మగ్గానికి వార్పు తెప్పించి రావాలని బయలుదేరాను. వచ్చి, దిగలేకపోయాను. అవతలివారు తిడతారని కాదు. తిట్టరేమోనని భయం వేసింది.

రైలు కదలగానే ఇంకో సంగతి తట్టింది. ఇప్పుడు నేను టిక్కెట్టు లేని ప్రయాణికురాలిని. లేచి మూడు పెట్టెలు దాటి వెతికితే టీసీ దొరికాడు. టీ తాగుతున్నాడు.

"బాబూ, నేను ధర్మవరంలో దిగాల్సింది. దిగలేదు. హిందూపురం దాకా టిక్కెట్టు రాయండి, జరిమానాతో సహా" అన్నాను.

"నిద్రపోయినారామ్మా?"

"లేదు, మెలకువగానే ఉన్నాను."

"మరెందుకు దిగలే?"

"ధైర్యం చాలలేదు."

ఆయన టీ పక్కన పెట్టాడు. "నన్ను వెతుక్కోనొచ్చి జరిమానా వేయమన్నోళ్లు మీరే మొదలమ్మా. ధైర్యం చాలలేదని రాసేదానికి ఈ పుస్తకంలో గడి లేదు" అంటూ రాశాడు. తర్వాత తన సీటు నాకిచ్చి తాను తలుపు దగ్గర నిలబడ్డాడు. పెనుకొండ వచ్చినప్పుడు మాత్రం, "ఈడ కూడా దిగరా?" అని మర్యాదగా అడిగాడు.

హిందూపురం, గురువారం

బస్టాండు పక్క సందులో సాకమ్మ హోటలు ఉంది. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, సాకమ్మ. పొద్దున పూట అక్కడ దొరికేది ఉగ్గాని, బజ్జీ. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్లలో తడిపి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. మా తెనాలిలో బొరుగులంటే సాయంత్రం పిల్లల చేతిలో పోసేవి. పొద్దున్నే పెద్దవాళ్ల ముందు పెడితే మర్యాద తక్కువైందనుకుంటాం. ప్లేటు నలభై రూపాయలు. మర్యాద సంగతి మరచిపోయి రెండో ప్లేటు అడిగాను.

"యా ఊరక్కా మీది?" అంది సాకమ్మ. ఆమెకూ నాకూ వయసు ఇంచుమించు ఒకటే.

"తెనాలి."

"ఓయమ్మ! ఏం పని మీద వచ్చినారు?"

"ధర్మవరంలో పని."

సాకమ్మ బజ్జీ తిప్పే చేయి ఆపింది. "ధర్మవరం దాటుకొనే కదక్కా ఈడికొచ్చేది?"

చెప్పక తప్పలేదు. చీర, పిందె, ఉత్తరం, శైలజ సందేశం, అన్నీ వరసలో చెప్పాను. ఆమె మొత్తం విన్నది. మూడు బజ్జీలు మాడిపోయాయి.

"తప్పు జేసినోళ్లు భయపడేది యాడైనా ఉండేదే. నువ్వు మాత్రం టిక్కెట్టు కొనుక్కోని భయపడితివి. ఇప్పుడేమంటావు? పోతే ఆయప్పకి వార్పు వస్తాది. పోకుంటే నీకు రోజూ ఉగ్గాని వస్తాది. యాది మేలో నువ్వే లెక్కేసుకో" అంది.

లెక్క వేయడానికి ఆ మధ్యాహ్నం పట్టుగూళ్ల మార్కెట్టుకు వెళ్లాను. తట్టల్లో తెల్లగా, పసుపుగా పట్టుగూళ్లు. బేరం కన్నడంలో మొదలై, కోపం వచ్చే చోట తెలుగులోకి మారి, మళ్లీ కన్నడంలో ముగుస్తుంది. రొళ్ల అనే ఊరి వైపు నుంచి గూళ్లు తెచ్చిన ఒక రైతు నా చేతిలో ఒక గూడు పెట్టి ఊపమన్నాడు. లోపల పురుగు గలగలమంది.

"దీంట్లో ఉండేదంతా ఒకటే పోగమ్మా, కొస నుంచి కొస దాకా" అన్నాడు.

"ఎక్కడా తెగదా?"

"తెగకుండా ఏముంటాది? తెగితే అతుకుతారు. తెగిందని యాడన్నా గూడు పారేస్తారా?"

ఆయనకు నా ఉత్తరం సంగతి తెలియదు. అయినా ఆ మాట నన్నే అన్నట్టు తోచి, గూడు తట్టలో పెట్టేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున నా అట్టపెట్టె మూల చిరిగి ఉండటం చూసి సాకమ్మ ఒక గుడ్డ సంచి ఇచ్చింది. హిందూపురం చింతపండుకు పేరున్న ఊరు. ఒక మండీ వాళ్లు పంచిన ఆకుపచ్చ సంచి అది. చీరనూ నా ఉత్తరం నకలునూ అందులోకి మార్చాను. డబ్బు తీయబోతే, "దుడ్లొద్దు, పో. ఇవి ఊరంతా ఉండాయి" అంది. ఊరంతా ఉన్నాయన్న మాటను నేను పట్టించుకోలేదు. ప్రూఫు సరిగ్గా చదవకపోతే ఏమవుతుందో తర్వాత తెలిసింది.

పెనుకొండ, శుక్రవారం

నేరుగా ధర్మవరం వెళ్లే బస్సు ఉంది. నేను పెనుకొండ బస్సు ఎక్కాను. పెనుకొండ కోట చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. ఎప్పటి నుంచి అంటే, ఆ పొద్దున ఏడున్నర నుంచి.

పెనుకొండలో దిగి బల్ల మీద కూర్చుని సంచి తెరిస్తే లోపల చింతపండు. మూడు కిలోలకు తగ్గదు. గింజ తీసిన మంచి చింతపండు. చీర లేదు. బస్సులో ఆకుపచ్చ సంచులు ఎన్ని ఉన్నాయో ఎక్కగానే లెక్కపెట్టాను, పదకొండు. లెక్కపెట్టిన దాన్ని, అందులో నాది ఏదో గుర్తు పెట్టుకోలేదు.

ఓబులేసు మగ్గం సంగతి తేల్చే వస్తువు అదొక్కటే. అది కూడా పోగొట్టాను. సంచి అడుగు దాకా చేయి పెట్టి రెండుసార్లు వెతికాను. అక్కడున్న ఆటో డ్రైవరు సంచిలోకి తొంగి చూసి, "గింజ తీసిన చింతపండా? అయితే మాబున్నీదే. హిందూపురం నుంచి అట్లాది తెచ్చేది ఆయమ్మే. దర్గా కాడ గాజుల అంగడి. ఎక్కండి" అన్నాడు.

అంగడికి వెళ్తే పక్క అంగడాయన, "ఇప్పుడే బస్టాండుకు పాయె. ఎవురో ముసలామె చీర పోగొట్టుకొని ఏడుస్తాంటాదని ఉరికింది" అన్నాడు. నేను ఏడవడం లేదని ఆయనకు స్పష్టంగా చెప్పి, బస్టాండుకు వచ్చాం. అక్కడ జామకాయలమ్మే ఆమె, "ఇప్పుడే అంగడికి మళ్లుకొనె" అంది. మళ్లీ అంగడికి. మళ్లీ లేదు.

ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు. "అమ్మా, ఇంక యాడికీ పోవద్దు. ఇద్దురూ తిరుగుతాంటే ఇద్దురూ దొరకరు. ఒకరన్నా నిలబడాల."

అలా సగం దారిలో, కొండ ఎదురుగా, ఆటోలో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పెనుకొండ కోట నేను చూసింది అప్పుడే. కింద నుంచి. కొండ మీద గోడలు, గోడల మీద మేకలు. మేకలు తొమ్మిది.

చివరికి తల మీద ఆకుపచ్చ సంచితో ఒక బక్కపలచటి ఆమె ఆయాసపడుతూ వచ్చింది. దూరం నుంచే అరిచింది. "ఏమక్కా! నీకోసం మూడు సార్లు తిరిగినా. కాళ్లు నిలవవా నీకి?"

ఆటో ఆయన మూడు సార్లు తిప్పి ఒక్కసారికే డబ్బు తీసుకున్నాడు. వాదించాను, ఓడిపోయాను.

మాబున్నీ నన్ను ఇంటికి తీసుకుపోయింది. భర్త, కొడుకు, కోడలు, తాను, నలుగురు. పొద్దున సంచి తెరిచి, ఎవరిదో తెలుసుకుందామని లోపలున్న నా ఉత్తరం నకలు చదివారట. కోడలు పైకి చదివితే మిగతావాళ్లు విన్నారు.

"చదివినాక చీర దుప్పటి మీద పరిచి నలుగురం వెతికినాం. అర్ధ గంట. తప్పు దొరకలే. యాడుండాదో చూపియ్యి తల్లీ, లేకుంటే మాకు అన్నం దిగదు" అంది మాబున్నీ.

కొంగు నుంచి లెక్కపెట్టి చూపించాను. నలుగురూ తలలు వంచి చూశారు.

"ఇదా?"

"ఇదే."

"ఇంతేనా?" అని మాబున్నీ భర్త వైపు తిరిగింది. "ఈయప్ప గడ్డం గీసుకుంటే ఇంతకన్నా ఎక్కువ మిగుల్తాది. నలభై ఏండ్లు నేనెవురికన్నా ఉత్తరం రాస్తినా?"

ఆయన గడ్డం తడుముకున్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఉన్నానని కొంచెం ఆలస్యంగా తెలుసుకున్నాను.

మధ్యాహ్నం నేను మాంసం తిననని చెబితే కోడలు వేరే గిన్నె తోమి పప్పు చేసింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి. చెనిక్కాయలంటే వేరుశెనగలు, ఊరుబిండి అంటే రోటి పచ్చడి. సంగటి ముద్ద మా వైపు కొబ్బరికాయంత ఉంటుంది. మేము అన్నం మెల్లగా నమిలి తినాలని పిల్లలకు నేర్పుతాం. ఇక్కడ, "నమలొద్దక్కా, మింగాల" అని నేర్పుతారు. నేను నమిలాను. పైపన్నూ కింది పన్నూ విడిపోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ మాబున్నీ మాట్లాడింది.

"రాసింది నువ్వే, చించేది కూడా నువ్వే కదా. ఇంక భయమెందుకు? రేపు ఆరు గంటల బస్సుకి నేనే ఎక్కిస్తా. ఈ పొద్దుకి ఈడే పండుకో."

నోరు పెగలలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అయింది.

తెల్లవారి ఆమె నాకు రెండు సంచులు ఇచ్చింది. ఒకదానిలో చీర, ఇంకోదానిలో రెండు కిలోల చింతపండు. చీర సంచికి ఎర్ర దారం కట్టింది. బస్సు ఎక్కించి కండక్టరుతో గట్టిగా చెప్పింది. "ఈయమ్మని ధర్మవరంలో దించు. దిగనంటే కూడా దించు."

ధర్మవరం, రెండోసారి

చెన్నేకొత్తపల్లి దాటేసరికి బస్సులో అందరికీ నా సంగతి తెలిసిపోయింది. ధర్మవరం బస్టాండులో కండక్టరు నా చింతపండు మోస్తూ ముందు దిగాడు. నేను దిగానో లేదో చూడటానికి కొందరు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. పొద్దున ఏడు గంటల యాభై నిమిషాలు. దిగాను.

ముందు రోజు ఫోను చేసి ఉండటం వల్ల శైలజ వచ్చి నిలబడి ఉంది. సన్నగా, రెండు జడలతో ఉన్న పిల్ల. "అవ్వా, గురువారమే వస్తారనుకొంటి" అంది. గురువారం వచ్చానని, దాటిపోయానని చెప్పాను. నవ్వకుండా తల ఊపింది. మర్యాద తెలిసిన పిల్ల.

వాళ్ల వీధిలో ప్రతి ఇంటి నుంచీ మగ్గం చప్పుడు వస్తోంది. వాళ్ల ఇంటి నుంచి మాత్రం రావడం లేదు. ఇంట్లో సగం మగ్గమే. నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంతలో ఒక పిల్లి ముడుచుకుని పడుకుంది. గోడ మీద దేవుడి పటాల పక్కన నా ఉత్తరం ఉంది. నాలుగు పేజీలూ లామినేషన్ చేయించి, వరసగా మేకులు కొట్టారు.

ఓబులేసుకు యాభై ఐదు ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. అంతకంటే పెద్ద శిక్ష వేశాడు. మెచ్చుకున్నాడు.

"ముప్పై ఏండ్లుగా నేస్తాండానమ్మా. బాగుందన్నోళ్లు ఉండారు, బాగలేదన్నోళ్లు ఉండారు. పిందెలు ఎన్నుండాయో లెక్కబెట్టినోళ్లు మాత్రం లేరు. రెండొందల పన్నెండని నాకే తెలీదు. యాడమ్మా చీర?"

చీర ఇచ్చాను. కళ్లు మూసుకుని అంచును వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. "ఈడ."

లెక్కపెట్టాను. నూట ముప్పై ఏడు. నాకు నలభై నిమిషాలు పట్టిన పని అది.

"దిష్టి కోసం కావాలనే పెడతారని దుకాణంలో చెప్పారు" అన్నాను.

"దిష్టి లేదు, గిష్టి లేదు. తప్పే ఇది. అట్ట ఒకటి దాటిపోయింది." మగ్గం పైన దండలా వేలాడుతున్న చిల్లుల అట్టలను చూపించాడు. తొక్కు అనే కాలి చెక్కను ఒకసారి నొక్కితే ఒక అట్ట తిరుగుతుంది, ఒక పోగు నేస్తారు. అట్టకొక నంబరు. పోగు వేయకుండా తొక్కు పడితే ఆ అట్ట పని జరగకుండానే దాటిపోతుంది. పిందె కొస తెగుతుంది.

ఆయన భార్య రత్నమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఓబులేసు, శైలజ, నేను షావుకారు రంగప్ప ఇంటికి వెళ్లాం. అదే వీధిలో నాలుగో ఇల్లు. రంగప్ప మంచి మనిషే. నేను ఫలానా అనగానే రెండు చేతులూ జోడించాడు.

"మీరాతల్లీ! మీ ఉత్తరం ఆ షాపాయన నాకు పంపేముందే ఫోన్లో చదివి వినిపించినాడు. పట్టికతో సహా. నా చెవి ఇంకా ఎర్రగానే ఉండాది."

"దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. ఓబులేసుకు వార్పు ఇవ్వండి."

"నాకేం పగనా? చీరలో తప్పు లేదని ఒక ముక్క రాసియ్యండి. షాపాయనకి పంపించి ఈ పొద్దే ఇస్తా."

నా చేతిలో కలం పెట్టాడు. కాగితం ముందు పెట్టాడు. వీధంతా మగ్గాల చప్పుడు. ఒక్క వాక్యం రాస్తే ఇంకో మగ్గం ఆ చప్పుడులో కలుస్తుంది.

"తప్పు ఉంది కదండీ" అన్నాను.

"ఉండాది షావుకారూ" అన్నాడు ఓబులేసు. "ఇప్పుడే చూసినా."

శైలజ నుదురు కొట్టుకుంది. "ఇద్దురూ ఇద్దురే!"

"చూస్తిరా?" అని రంగప్ప కలం వెనక్కి తీసుకున్నాడు. "తప్పని మీరే అంటాండారు, ఇయ్యమని మీరే అంటాండారు. నేనేం జేసేది?"

మూడు రోజుల ప్రయాణం, రెండు ఊళ్ల భోజనం, ఒక జరిమానా, అన్నీ అయ్యాక కూడా ఒక్క అబద్ధం రాయడం చేతకాలేదు. ఓబులేసు వీధిలోకి చూస్తున్నాడు. ఆయన ముఖం చూడలేక నేనూ అటే చూశాను.

వీధి పొడవునా, రెండు కొసలా కర్రలు కట్టి, ఎర్రటి పట్టు పడుగు ఒకటి సాగదీసి ఉంది. మగ్గానికి ఎక్కించే ముందు పోగులన్నీ అలా వీధిలో సరిచేస్తారట. ఎదురింటివాళ్లది. మీద ఆకాశం నల్లబడి ఉంది.

మొదటి చినుకు రంగప్ప అరుగు మీద పడింది.

"వాన!" అని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటకు వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మా తెనాలిలో వాన పడితే గోడ మీద నుంచి, "పిన్నిగారూ, మీ బట్టలు తడుస్తున్నాయి!" అని అరుస్తాం. అరిచినవాళ్లు సాయం చేసినట్టే లెక్క. ఇక్కడ రెండోసారి ఎవరూ అరవలేదు. అందరూ వచ్చేశారు. గుంతల్లోంచి మగవాళ్లు, పొయ్యి దగ్గర నుంచి ఆడవాళ్లు. రంగప్ప పంచె ఎగగట్టి పరిగెత్తాడు. అందరికంటే ముందు పడుగు కింద చేయి పెట్టినవాడు ఓబులేసు. ఎవరో నా చేతిలో కొస కర్ర పెట్టి, "అవ్వా, వదలొద్దు!" అన్నారు.

నేను వదలలేదు. వెనక్కి నడవమంటే నడిచాను. మెట్టు ఎక్కమంటే ఎక్కాను. ఎవరింట్లోకో వెళ్లాను. పడుగంతా చుట్టి లోపలికి చేరాక వదలమన్నారు. అప్పుడు కూడా కాసేపు వదలలేదు. పట్టు మీద ఏడు చినుకులు మాత్రమే పడ్డాయి. నా మీద పడినవి లెక్కపెట్టలేదు.

అందరూ నవ్వుతూ తల తుడుచుకుంటుంటే ఓబులేసు మాత్రం పక్కింట్లోకి వెళ్లాడు. అక్కడి నుంచి ఆ పక్కింట్లోకి.

"ఎక్కడికి?" అన్నాను.

"మగ్గాలు చూడాలమ్మా. దబక్కన లేస్తే కాలు తొక్కు మీద పడతాది. చూసుకోకుండా కూర్చుంటే పిందె కొస పాయె."

"మీకూ అలాగే జరిగిందా?"

ఆయన వంగి తొక్కు చూస్తున్నాడు. శైలజ చెప్పింది. "ఏప్రిల్లో ఇట్లే వాన పడింది అవ్వా. నాయన ఇదే ఇంటోళ్ల వార్పు ఎత్తేదానికి ఉరికినాడు. తడిసిపోయి వచ్చి, చూసుకోకుండా కూర్చున్నాడు. అప్పుడు మగ్గం మీద ఉన్నది మీ చీరే."

"ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

"వాన మీద చెప్పేదేముందమ్మా? చూసుకోవాల్సింది నేనే కదా" అన్నాడు.

ఆయన వెంట ఆరు ఇళ్లు తిరిగాను. ప్రతి మగ్గం దగ్గరా చివర నేసిన పోగు చూశాడు, అట్ట నంబరు చూశాడు. నాలుగు సరిగ్గా ఉన్నాయి. రెండు దాటిపోయి ఉన్నాయి. ఆ రెండింటినీ చేత్తో ఒక అట్ట వెనక్కి తిప్పాడు. తన మగ్గంలో పిల్లి పడుకుని ఉండగా, ఊళ్లో మగ్గాలన్నిటి ప్రూఫులు దిద్దుతున్నాడు. అలా దాటిపోయినవాటిలో రెండోది రంగప్ప సొంత తమ్ముడి మగ్గం. గుమ్మంలో రంగప్పే నిలబడి, పంచె పిండుకుంటూ అంతా చూశాడు.

"ఆరింటిలో రెండు. ఈ ఇద్దరికీ కూడా వార్పు ఆపుతారా?" అని అడిగాను.

రంగప్ప తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు.

"ఆ కాగితం ఇటివ్వండి. తప్పు లేదని రాయను. నా ఉత్తరానికి తప్పొప్పుల పట్టిక రాస్తాను" అన్నాను. పుస్తకం అచ్చయ్యాక దొరికిన తప్పులను చివరి పేజీలో దిద్దే పట్టిక అది. అలాంటివి ఎన్ని రాశానో. నా రాతకు నేను రాసుకోవడం అదే మొదలు.

తప్పు: "అంచులో నూట ముప్పై ఏడో పిందె పొట్టిగా ఉంది."

ఒప్పు: "రెండు అంచుల్లో కలిపి నాలుగు వందల ఇరవై రెండు పిందెలు సరిగ్గా ఉన్నాయి. ఈ మాట రాయకపోవడం నా పొరపాటు. మిగిలిన రెండు పిందెల సమయంలో నేతగాడు ఎదురింటివారి పడుగు తడవకుండా ఎత్తుతున్నాడు."

రంగప్ప రెండుసార్లు చదివాడు. నేను ఇంకో కాగితం అందుకోబోతుంటే ఆపాడు. "చాలు తల్లీ, రెండో పేజీ వద్దు! సోమవారం వార్పు పంపిస్తా. ఆ షాపాయనకి మాత్రం ఇది ఫోన్లో మీరే చదవండి. ఆయన చెవి కూడా ఎర్రబడనీ."

అక్కడే నిలబడి చదివాను. అవతలివారు రెండో వాక్యం మళ్లీ చదవమన్నారు. తర్వాత, "అలాగేనమ్మా" అన్నారు.

ఓబులేసు ఒక్కటే అడిగాడు. ఆ పట్టిక నకలు తనకూ కావాలట. గోడ మీద ఇంకో మేకుకు చోటుందట.

తెనాలి

పన్నెండున ఇల్లు చేరాను. చింతపండు చేరింది, చీర చేరింది, ఎర్ర దారం కూడా చేరింది. పద్దెనిమిదిన శైలజ నుంచి సందేశం వచ్చింది. "అవ్వా, వార్పు మగ్గానికి అతికి నేత మొదలైంది. పిల్లికి కోపం వచ్చింది. నాయన ఇప్పుడు ప్రతి పిందెకూ లెక్క పైకి చెబుతూ నేస్తున్నాడు. ఆయన ఎన్నో పిందెలో ఉన్నాడో వీధిలో అందరికీ తెలుసు. దీనికి కారణం మీరేనని అమ్మ చెప్పమంది."

దీపావళికి ఆ చీర మొదటిసారి కట్టుకున్నాను. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వచ్చారు. చీర చాలా బాగుందన్నారు. నేను ఏమీ అనలేదు. పులిహోర పెట్టాను. చింతపండు బాగుందన్నారు. అప్పుడూ ఏమీ అనలేదు. గడియారం చూస్తూనే ఉన్నాను. పదకొండు నిమిషాలు ఆగాను. పోయిన ఏడాదైతే రెండు నిమిషాలకు మించి ఆగేదాన్ని కాదు. ఈ వయసులో తొమ్మిది నిమిషాలు బాగుపడటం తక్కువేమీ కాదు.

పన్నెండో నిమిషాన ఎదురింటి పిన్నిగారి చేయి పట్టుకుని, కొంగు నుంచి లెక్కపెట్టి, ఆమె వేలు తీసుకుపోయి నూట ముప్పై ఏడో పిందె మీద పెట్టాను.

"ఇదిగో, ఇక్కడ వాన పడింది" అన్నాను.